సుభద్రమ్మ పొడి

జీవన ఎరువుల ల్యాబులో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వచ్చే పిల్లలు నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "ఇందులో కష్టమైన పని ఏంటండి మేడమ్?" బ్యాక్టీరియాకు తిండిగా మీడియం కలపడమనో, ప్లేటు మీద మచ్చలు లెక్కపెట్టడమనో, ఎండలో లంకలు తిరగడమనో చెబుతానని వాళ్ళ ఉద్దేశం. అవన్నీ అలవాటవుతాయి. నాకు చివరిదాకా అలవాటు కానిది ఒక్కటే. పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి నాకంటే బాగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం.

ఉద్యోగం గురించి రాసేవాళ్ళు చాలామంది పైవాళ్ళను పొగుడుతారు, తోటివాళ్ళంతా ఒక కుటుంబంలా ఉండేవాళ్ళమంటారు. నేనలా రాస్తే అబద్ధమవుతుంది. నా ఉద్యోగంలో సగానికి పైగా సుభద్ర అనే మనిషిని చూసి కుళ్ళుకుంటూనే గడిచింది. ఆ కుళ్ళు వల్లే ఒక తోట బతికింది కూడా. అందుకే దాన్ని దాచకుండా చెబుతాను.

ప్యాకెట్టులో ఉన్నది ప్రాణం

ముందు మా పనేమిటో చెప్పాలి. ఏ మొక్క వేరు పట్టుకుని లాగినా దానికి అంటుకుని కాస్త మట్టి వస్తుంది. ఆ మట్టిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు బతుకుతాయి. కొన్ని మొక్కను చంపుతాయి. కొన్ని మొక్క పెట్టింది తిని, బదులుగా దాన్ని కాపాడతాయి. ఆ రెండో రకాన్ని పట్టుకుని, గాజు ఫ్లాస్కుల్లో పెంచి, టాల్కు అనే మెత్తటి రాతి పొడిలో కలిపి ప్యాకెట్టు కట్టి రైతుకు ఇవ్వడమే మా పని. మేము ఎక్కువగా పెంచినది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. అది అందరికంటే ముందు వేరు మీద చోటు పట్టేస్తుంది. చుట్టుపక్కల ఉన్న ఇనుమంతా లాగేసుకుని తెగులు తెచ్చే బూజుకు తిండి లేకుండా చేస్తుంది. తన చోటులోకి ఇంకొకరిని రానివ్వదు. దానిలో ఆ గుణం నాకు మొదటినుంచీ నచ్చింది.

కొత్తవాళ్ళకు అర్థం కావడానికి ఆలస్యమయ్యే సంగతేమిటంటే, ఆ ప్యాకెట్టులో ఉన్నది మందు కాదు, ప్రాణం. కొవ్వూరు వైపు ఒక రైతు మిరప నారుమడికి నారుకుళ్ళు వచ్చిందని మా పొడి తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండా వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మీ పొడి పనిచెయ్యలేదండి. నారంతా పడిపోయింది."

"ఎలా పోశారండి?"

"బకెట్లో కలిపి పోసేనండి. ఊరికే ఎందుకని రాగి మందు కూడా అందులోనే కలిపేనండి. రెండూ మంచియ్యే కదండి!"

రాగి మందు బూజును చంపుతుంది. దాంతోపాటు బకెట్టులో ఉన్న మా బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. నేను ఆయనకు గంటసేపు వివరించాను. బొమ్మ గీసి చూపించాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "అయితే ఈసారి రాగి మందు కాస్త తగ్గించి కలుపుతానండి" అన్నాడు.

నా ఉద్యోగం అలా సాగేది. చెప్పింది నిజమే. అయినా ఎవరి చెవికీ ఎక్కేది కాదు. సుభద్ర రాకముందు, ఇది రైతుల తప్పని అనుకునేదాన్ని.

ఆమె వచ్చింది

మా నాన్న రాజమండ్రిలో లూథరన్ మిషన్ బడిలో లెక్కల మాస్టారు. మాకు సెంటు భూమి లేదు. మట్టి గురించి నేను నేర్చుకున్నదంతా పుస్తకాల్లోంచి, మైక్రోస్కోపులోంచి. సుభద్రది భీమవరం దగ్గర పొలాలున్న ఇల్లు. నాకంటే కొన్నేళ్ళు చిన్నది. ల్యాబుకు వచ్చిన మొదటి రోజే నా బల్ల దగ్గరికి వచ్చి, "మీ దగ్గరే నేర్చుకోమన్నారు ఎస్తేరక్కా" అంది. నన్ను అక్కా అనమని నేను చెప్పలేదు. వద్దనడానికి కారణమూ దొరకలేదు.

మొదటి నెలలోనే మిరప రైతు మళ్ళీ వచ్చాడు. నేను సెలవులో ఉన్నాను. సుభద్ర ఆయనతో ఏం మాట్లాడిందో తర్వాత అటెండరు చెప్పాడు. "బాబాయ్ గారూ, మీ చెరువులో చేపపిల్లలు వదిలి, అదే రోజు చెరువులో విషం కలుపుతారా?" అందట. "అయ్యబాబోయ్, అదెలాగండి!" అని ఆయన నవ్వి, ప్యాకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడట. మళ్ళీ ఎప్పుడూ రెండూ కలపలేదు.

ఆ మాట విన్న రోజు ఇంటికి వెళ్ళి అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. మావారు జోసెఫ్ గారు కోర్టులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. "ఏమైంది?" అన్నారు.

"చేపపిల్లలట" అన్నాను.

"ఏంటి?"

"గంటసేపు బొమ్మలు గీశాను నేను. ఆవిడ చేపపిల్లలంది, అయిపోయింది."

అప్పటినుంచి మా ఇంట్లో సుభద్ర పేరు రాని పూట లేదు. "ఆవిడకు కూడా ఒక కంచం పెట్టకూడదూ, రోజూ మనతోనే ఉంటుంది కదా" అనేవారు ఆయన. ఆదివారం గుళ్ళో కళ్ళు మూసుకుని ఈ అసూయ తీసెయ్యి ప్రభువా అని ప్రార్థన చేసుకునేదాన్ని. సోమవారం ల్యాబు గేటు దగ్గర ఆమె స్కూటీ చూడగానే అది మళ్ళీ వచ్చి కూర్చునేది.

మట్టి నాది, ప్లేటు నాది

గోదావరి లంకల్లో అరటి బాగా పండుతుంది. అందులో అమృతపాణి రకం రుచే వేరు. కానీ దానికి పనామా తెగులంటే అసలు తట్టుకునే శక్తి లేదు. మట్టిలో ఉండే బూజు వేళ్ళలోంచి లోపలికి ఎక్కుతుంది. కింది ఆకులు పసుపుపచ్చగా మారి, మొదలు చుట్టూ వేలాడిపోతాయి. చెట్టు కాండం మొదట్లో నిలువునా చీలుతుంది. దుంప కోసి చూస్తే లోపల ఎర్రటి వలయాలు కనిపిస్తాయి. అప్పటికి ఇక చేయగలిగిందేమీ ఉండదు. ఒక చెట్టు నుంచి తోటంతా పాకుతుంది. అందుకే లంక రైతులు ఒక్కొక్కరే అమృతపాణి మానేసి వేరే రకాలు వేసుకోవడం మొదలుపెట్టారు.

మానని వాళ్ళలో వీర్రాజు ఒకడు. కొవ్వూరు అవతల లంకలో కౌలుకు చేసేవాడు. ఆయన భార్య నాగమణి, ఆయన, ఇద్దరే కష్టం చేసుకునేవాళ్ళు. మేం వెళ్ళేసరికి తోటలో చాలా భాగం ఎండిపోయింది. మధ్యలో కొన్ని చెట్లు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడి ఉన్నాయి.

"ఇయ్యెందుకు బతికేయో తెలవట్లేదండి" అన్నాడు వీర్రాజు. "అన్నిటికీ ఒకటే నీరు, ఒకటే ఎరువు."

మా పనిలో ఆశంతా అక్కడే ఉంటుంది. చుట్టూ అన్నీ చచ్చి ఒకటి బతికిందంటే, దాని వేళ్ళను ఏదో కాపాడుతోందని అర్థం. ఆ చెట్ల వేళ్ళు తవ్వి మట్టి తీసింది నేను. ఐస్ పెట్టెలో పెట్టి తెచ్చింది నేను. నీళ్ళలో పలచన చేసి, బ్యాక్టీరియా మచ్చలుగా పెరిగేలా మీడియం ఉన్న గాజు పళ్ళాల్లో ప్లేట్లు పోసింది నేను. సూడోమోనాస్‌కు ఒక గుర్తుంది. చీకటి గదిలో యూవీ దీపం కింద పెడితే ఆ మచ్చలు ఆకుపచ్చగా వెలుగుతాయి. నా ప్లేట్ల మీద ఎన్నో మచ్చలు వెలిగాయి. అన్నిటికంటే పెద్దగా, జోరుగా వెలిగిన వాటిని ఎంచి పక్కన పెట్టాను. ప్లేటు తీసి పారేయబోతుంటే సుభద్ర, "ఒక్కసారి ఇవ్వండక్కా" అంది.

దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఒక మూల వేలు పెట్టి చూపించింది. "ఇది తీసుకున్నారా?"

"అదేంటి, బక్కగా ఉంది. సరిగ్గా వెలగడం కూడా లేదు."

"బక్కదే. కానీ దాని చుట్టూ చూడండక్కా, ఎవర్నీ రానివ్వడం లేదు."

నిజమే. ఆ చిన్న మచ్చ చుట్టూ సన్నటి ఖాళీ ఉంది. పక్కవి దాని దగ్గరిదాకా వచ్చి ఆగిపోయాయి. నా కళ్ళు కూడా ఆ మూలను చూశాయి. చూసి, దాటిపోయాయి.

తెగులు బూజును ఒక పక్క, బ్యాక్టీరియాను ఒక పక్క పెట్టి పెంచి చూస్తే, నేను ఎంచినవన్నీ బూజు ముందు ఓడిపోయాయి. సుభద్ర చూపించిన బక్కది బూజును ప్లేటు సగంలోనే ఆపేసింది. మట్టి నాది, ప్లేటు నాది, కన్ను ఆమెది. కష్టపడితే వచ్చేవాటిని చూసి నేనెప్పుడూ ఏడవలేదు. అవి నేనూ తెచ్చుకోగలను. ఇది అలాంటిది కాదు. ఎంత కష్టపడినా రానిది పక్క మనిషికి ఊరికే వచ్చి ఉండటం చూస్తే వచ్చే మంట వేరు. మీలో ఎవరికైనా అలాంటి మంట వస్తే, రాలేదని మాత్రం అనుకోకండి.

వీర్రాజు మరుసటి పంటకు కొత్త చోట పిలకలు నాటినప్పుడు, ఆ బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో దుంపలు ముంచి నాటించాం. పశువుల ఎరువులో కూడా కలిపి మొదళ్ళలో వేయించాం. ఆ తోటలో తెగులు కనిపించింది కానీ పాకలేదు. గెలలు దిగాయి. లంకంతా ఆ మాట పాకింది. ఆఫీసు రికార్డుల్లో దానికి ఒక నంబరు పెట్టాం. రైతులకు ఆ నంబరుతో పనేముంది? మీటింగుల్లో మాట్లాడేది సుభద్ర. అందుకని వాళ్ళు దానికి సుభద్రమ్మ పొడి అని పేరు పెట్టేశారు. ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి, నన్నే, "మేడమ్ గారూ, సుభద్రమ్మ పొడి ఉందాండి?" అని అడిగేవాళ్ళు.

"ఉంది" అనేదాన్ని. ఇంకేమంటాను?

వెలగని ప్లేట్లు

మరుసటి ఏడాది పెద్ద రైతు సదస్సు పెట్టారు. పైనుంచి అధికారులు వస్తున్నారు, లంక రైతులందరికీ పొడి పంచాలన్నారు. ఎప్పుడూ తయారుచేయనంత పొడి తయారుచేయాల్సి వచ్చింది. మా ఇన్‌చార్జి కృష్ణమూర్తి గారు మంచి మనిషే. అరవరు, ఎవరినీ బాధపెట్టరు. కానీ ఆయనకు అందరూ సంతోషంగా ఉండాలి. ల్యాబు నడిపేవాడికి అంతకంటే ప్రమాదమైన గుణం లేదని నా అభిప్రాయం.

అప్పట్లో మా పద్ధతి ప్రకారం ఫ్లాస్కులో పెంచిన తల్లి కల్చరును పరీక్షించి, బాగుంటే సంతకం పెట్టేవాళ్ళం. పొడిలో కలిపి ప్యాకెట్లు కట్టాక మళ్ళీ విప్పి చూడాలనే నియమం లేదు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. పైగా అది సుభద్రమ్మ పొడి. దాన్ని అనుమానించేదెవరు?

నేను విప్పాను. గోడౌనులోకి వెళ్ళి ఒక్కో వరుసలోంచి ఒక్కో ప్యాకెట్టు తీసి, నా బల్ల దగ్గర విప్పి ప్లేట్లు పోశాను. జాగ్రత్త కోసమని చెప్పుకోవచ్చు. అసలు సంగతి, దానిలో ఎక్కడో ఒక లోపం ఉండకపోతుందా అని. ఆ పొడిని ప్రేమించని మనిషిని ఆ భవనంలో నేనొక్కదాన్నే.

ప్లేట్లు పెరిగాక చీకటి గదిలోకి తీసుకెళ్ళి దీపం వేశాను. మా బక్కది మసకగానైనా వెలగాలి. ఒక్కటి కూడా వెలగలేదు. దీపం పాడైందేమోనని పాత ప్లేటు ఒకటి పెట్టి చూశాను. అది వెలిగింది. బయటికి తెచ్చి వెలుతురులో చూస్తే, తెల్లగా, ముడతలు పడి, ప్లేటంతా పరుచుకున్న వేరే ఏదో బ్యాక్టీరియా. మాది అందులో లేదు.

నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. మొదట కలిగింది కూడా. కానీ గోడౌనులో పైకప్పుదాకా పేర్చి ఉన్న ప్యాకెట్లు గుర్తొచ్చాయి. వాటిని నమ్మి వీర్రాజు కౌలు భూమి పెంచి అంతా అమృతపాణే వేస్తున్నాడు. ఆ పొడిలో దుంపలు ముంచి నాటితే ఉత్త నీళ్ళలో ముంచినట్టే.

కృష్ణమూర్తి గారి గదికి వెళ్ళాను. "సార్, ఈ ప్యాకెట్లలో మన బ్యాక్టీరియా లేదండి."

"లేకపోవడమేంటండి? కల్చరు బాగుందని మీరే సంతకం పెట్టారు కదా."

"కల్చరు బాగానే ఉందండి. పొడిలోకి వచ్చాక చచ్చిపోయింది. వేరేది పెరిగింది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎస్తేరు గారూ, మీకూ సుభద్ర గారికీ పడదని మన అటెండరుకు కూడా తెలుసు. మీ ఇద్దరి మధ్యలోకి పాపం ఆ బ్యాక్టీరియాను ఎందుకు లాగుతారండి?"

ఆయన అన్నది నిజం. ప్లేట్లు చెబుతున్నదీ నిజం. ఆ రెండు నిజాలూ ఒకే మనిషి చేతిలో ఉంటే లోకం మొదటిదాన్నే చూస్తుందని అప్పుడు తెలిసింది.

ఆయనే సుభద్రను పిలిపించారు. ఆమె వచ్చి సంగతి విని, "ప్లేట్లు ఎక్కడున్నాయక్కా?" అని మాత్రం అంది. చీకటి గదిలోకి వెళ్ళాం. దీపం కింద ఒక్కో ప్లేటూ పెట్టి చూసింది. చివరి ప్లేటు చూశాక దీపం ఆర్పి, ప్లేట్లన్నీ పేర్చి చేతిలోకి తీసుకుంది. బయటికి వచ్చాక కృష్ణమూర్తి గారు, "ఇంకోసారి పరీక్ష చేసి చూద్దామా అమ్మా? సదస్సు అయ్యాక నిదానంగా..." అన్నారు.

"అక్కర్లేదండి. పొడి పోయింది."

"ఒకవేళ ప్లేట్లలోనే ఏదైనా..."

"ఎస్తేరక్కకి నేనంటే పడదండి. ప్లేటంటే ప్రాణం." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నేనంటే ఇష్టమున్న వాళ్ళు ఇంతమంది ఉన్నారక్కా ఇక్కడ. ఒక్కరు కూడా ప్యాకెట్టు విప్పి చూడలేదు. నేను కూడా చూసుకోలేదు."

కారణం వెతకడానికి ఇద్దరం ఆటోక్లేవ్ దగ్గరికి వెళ్ళాం. మా బ్యాక్టీరియాను కలిపే ముందు టాల్కును ఆవిరితో శుభ్రం చేసే పెద్ద పాత్ర అది. తొందరలో దానిలో సంచులు కుక్కి కుక్కి పెట్టారు. మధ్యలో ఉన్న సంచులకు ఆవిరి అందలేదు. టాల్కులో ముందే ఉన్న బ్యాక్టీరియా చావలేదు. అది తన ఇంట్లో తాను పెరిగి, మా దాన్ని మింగేసింది.

సదస్సు

పంచడం ఆపేద్దామన్నాం. ఎలా చెప్పాలనేదే మిగిలింది. కృష్ణమూర్తి గారు రవాణా ఆలస్యమైందని చెబుదామన్నారు. సుభద్ర వేదికెక్కి మైకు పుచ్చుకుని, "ఈసారి పొడి చెడిపోయిందండి, ఇవ్వడం లేదు. ముందే ఎవరికైనా అందుంటే వాడకుండా వెనక్కి తెచ్చెయ్యండి" అని చెప్పేసింది. ముందు వరుసలో అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇక ఈమె పని అయిపోయిందనుకున్నాను.

ఒక పెద్దాయన లేచాడు. "ఆయ్, ఉన్నది ఉన్నట్టు చెప్పేరండి అమ్మాయిగారు! పాడైపోయిందని చెప్పి వెనక్కి తీసుకునే ఆఫీసరుని ఇప్పుడే చూస్తున్నామండి" అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. సుభద్ర చెయ్యెత్తి ఆపింది. "నాకు కాదండి. కనిపెట్టింది ఎస్తేరు గారు. అదుగో, వెనకాల కూర్చున్నారు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నన్ను చూశాయి. మర్యాదగా ఊగాయి. మళ్ళీ ముందుకు తిరిగి ఆమెకే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాయి. పేరు నాకిచ్చి పుణ్యం కూడా ఆమే కట్టుకుంది. నవ్వుతారేమో గానీ, ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు గోదావరి వంతెన మీద ఆటోలో కూర్చుని ఏడ్చాను.

లంకలో

సదస్సు అయిపోతుండగానే వీర్రాజు మా దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "మీరు చెప్పింది బాగానే ఉందండి. కానీ నేను పిలకలు తీసేసేనండి. కుప్ప పోసి ఉన్నాయి. ఇంక ఎన్నాళ్ళు ఆగుతాయండి? పొడి లేకుండా నాటితే ఆ భూమిలో ఒక్కటి మిగలదండి."

కొత్త పొడి తయారుచేయడానికి వ్యవధి లేదు. "పొడెందుకక్కా, ఫ్లాస్కులతోనే తీసుకెళ్దాం" అంది సుభద్ర. పొడిగా చేయకుండా ద్రవంగానే వాడొచ్చు. కానీ అది త్వరగా చస్తుంది, ఎండ తగలకూడదు, పెద్ద మొత్తంలో ఎవరూ చేయరు. ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను. ఎందుకంటే అది మంచి ఆలోచన. నాకు రాని ఆలోచన.

ల్యాబులో ఉన్న ఫ్లాస్కులన్నీ తీశాం. మీడియం నేను కలిపాను. ఆమె కల్చరు ఎక్కించింది. పెరిగాక ప్రతి ఫ్లాస్కులోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద నేను చూశాను. అనుమానమున్నవి పారబోశాను. ఒకదాన్ని ఆమె, "ఇది బాగానే ఉంది కదక్కా" అంది. "నాకు బాగా కనిపించడం లేదు" అన్నాను. తనే పారబోసింది.

ఐస్ పెట్టెల్లో పెట్టుకుని తెల్లవారగానే ఆటోలో రేవుకు వెళ్ళి, పడవ మీద లంకకు చేరాం. వీర్రాజు డ్రమ్ముల్లో నీళ్ళు నింపి, పైన తాటాకులు కప్పి సిద్ధంగా ఉంచాడు. దుంపల మీద పాత వేళ్ళన్నీ చెక్కేసి శుభ్రంగా పెట్టాడు. ఒక్కో పిలకనూ ముంచి, కాసేపు ఉంచి, తీసి నీడలో పెట్టాలి. నాగమణి అందిస్తుంటే నేను ముంచాను. సుభద్ర చీర పైకి దోపుకుని గుంటల దగ్గర వీర్రాజుతో పాటు నాటించింది. ఆ పూటంతా మేమిద్దరం పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. అంత బాగా పని జరిగిన రోజు నా సర్వీసులో మరొకటి లేదు.

ఎండెక్కేసరికి పని ముగిసింది. నాగమణి కొబ్బరి బోండాలు కొట్టించింది. మొదటిది తీసుకుని నా చేతి పక్కనుంచి వెళ్ళి సుభద్రకు ఇచ్చింది. "అంతా తమరి చలవేనండి అమ్మాయిగారూ" అంది. నా చేతులు మోచేతులదాకా బురద. రెండో బోండాం నాకిచ్చింది. తాగాను. తియ్యగానే ఉంది, ఏం చెయ్యను?

ఆ తోటలో కొన్ని చెట్లు పోయాయి. తెగులు వచ్చాక తీసేసే మందు కాదది, రాకుండా కాసే కాపలా. కాపలా అన్నిచోట్లా ఉండదు. కానీ ఎక్కువ భాగం నిలిచింది. గెలలు కోసిన రోజు వీర్రాజు ల్యాబుకు రెండు అరటి అత్తాలు తెచ్చాడు. ఒకటి సుభద్రకు, ఒకటి స్టాఫుకు.

కొత్తవాళ్ళకు

ఆ తర్వాత మా ల్యాబులో కట్టిన ప్యాకెట్లు కూడా విప్పి చూడటం మొదలైంది. ఆ పని ఎవరూ నాకు అప్పగించలేదు. నేను వదల్లేదు. సుభద్ర ఏ కొత్త రకం తెచ్చినా దాన్ని ఎండలో పెట్టాను, ఉప్పు నీళ్ళలో వేశాను, నెలల తరబడి గోడౌనులో ఉంచి చూశాను. కొన్ని చచ్చాయి. అవి బయటికి పోలేదు. తట్టుకున్నవే రైతు దగ్గరికి వెళ్ళాయి. ఆమె పేరు చెడకుండా ఇన్నేళ్ళు నిలిచిందంటే, దాన్ని చెడగొట్టే లోపం కోసం నేనంత పట్టుదలగా వెతకడమే కారణం.

అసూయ మంచిదని నేను చెప్పను. అది కడుపులో పెట్టుకున్న మనిషికి సుఖం లేదు. నా బిడ్డల చిన్నతనంలో సగం నాకు గుర్తులేదు, ల్యాబులో ఎవరు ఏమన్నారో మాత్రం గుర్తుంది. కానీ అది వస్తే వచ్చిందని ఒప్పుకోండి. దాన్ని కబుర్లలో ఖర్చు పెట్టకండి, పైవాళ్ళ చెవిలో పోయకండి. ప్లేటు మీద పెట్టండి. ప్లేటు మీ మనసులో ఏముందో అడగదు. ఉన్నది చూపిస్తుంది, లేనిది చూపించదు. ఇంకొక మాట. అందరూ మెచ్చుకునే పైఅధికారి దగ్గర, అందరినీ మెచ్చుకునే పైఅధికారి దగ్గర, రెండు చోట్లా జాగ్రత్తగా ఉండండి.

ఇప్పుడు

నేను రిటైరయ్యాక సుభద్ర కూడా ముందుగానే ఉద్యోగం మానేసి, భీమవరం దగ్గర వాళ్ళ స్థలంలో చిన్న యూనిట్టు పెట్టింది. ఈమధ్య ఫోను చేసింది.

"అక్కా, ఒకసారి వచ్చి చూసి వెళ్ళరా?"

"మోకాళ్ళ నొప్పులు. రాలేను."

"కారు పంపిస్తాను."

కారు కూడా ఉంది. వెళ్ళాను. బ్యాక్టీరియాను పెంచే తళతళలాడే స్టీలు ఫెర్మెంటరు, చల్లటి గది, తెల్ల కోట్లు వేసుకున్న అమ్మాయిలు. నా సర్వీసంతా అడిగి అడిగి అలిసిపోయిన యంత్రాలన్నీ అక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు ఆమె బాసిల్లస్ అనే ఇంకో బ్యాక్టీరియాను పెంచుతోంది. అది కష్టకాలం వస్తే గట్టి గింజలా మారి పడుకుంటుంది. ఎండకూ చావదు, రైతు స్కూటరు డిక్కీలో మరిచిపోయినా చావదు. మన రైతుల అలవాట్లు మార్చే బదులు వాటికి సరిపోయే ప్రాణిని ఎంచుకుంది. ఆ తెలివికి నాకు మళ్ళీ కడుపు మండింది.

"అన్నీ ఉన్నాయి కదా. ఇంక నాతో పనేముంది?" అన్నాను.

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. జుట్టు బాగా నెరిసింది. "ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళేనక్కా. ఏది చేసినా సూపర్ మేడమ్ అంటారు. నాకు భయంగా ఉంది."

చేతిసంచి పక్కన పెట్టి, కోటు అడిగి తొడుక్కున్నాను. గోడౌనులో నాకు నచ్చిన చోటునుంచి ప్యాకెట్లు తీసుకున్నాను. ప్లేట్లు పోసి, పెరగడానికి పెట్టి, వాళ్ళింట్లోనే ఉన్నాను. పెరిగాక కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూశాను. తిప్పి చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అమ్మాయిలు పని ఆపి నావైపు చూస్తున్నారు. సుభద్ర గుమ్మం దగ్గర నిలబడి, చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటోంది.

ఎంత వెతికినా లోపమేమీ దొరకలేదు.

"బాగుంది" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో నేనెప్పుడూ అనలేదు. అనలేదని ఆమెకూ తెలుసు. కొంగు వదిలేసి దగ్గరికి వచ్చింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"ఏంటక్కా? ఇంకోసారి అనండి."

"ఇంకోసారి అనను" అన్నాను. "ఆ పక్క గదిలో బ్యాచి ఎప్పుడు తయారవుతుంది?"